కాటాకు నలత చేసిన తొమ్మిది రోజులు

ఆయన్ని లారీ డ్రైవర్లంతా గ్రాములాయన అనేవాళ్లు. అసలు ఆయన చూసుకునే కాటా మీద పది కిలోలకు తక్కువ పెడితే అంకె కూడా మారదు. నలభై టన్నుల లారీలను తూచే కాటా అది. దాని ముందు గ్రాములేమిటి, మనుషులే లెక్కలోకి రారు. అయినా ఉండాల్సినదానికన్నా పది కిలోలు ఎక్కువ తూగిందా, లారీని పక్కకు పెట్టించి, సరుకు దింపించి, మళ్లీ కాటా ఎక్కించి, అంకె సరిపోయాకే చీటీ మీద ముద్ర వేసేవాడు. బతిమాలినవాళ్లున్నారు, బెదిరించినవాళ్లున్నారు, ఫలానా పెద్దమనిషి మా బంధువు అన్నవాళ్లున్నారు. అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు. "నాకు తెలుసు బాబూ, కాటాకి తెలీదు కదా."

ఆ కాటా ఆయనకు మామగారి దగ్గర్నుంచి వచ్చింది. మామగారు పదవీ విరమణ చేసే ఏడాదే కాటానీ కూతుర్నీ కలిపి అల్లుడి చేతిలో పెట్టాడు. కూతురి గురించి "జాగ్రత్తగా చూసుకో బాబూ" అని ఒక్క మాటతో సరిపెట్టి, కాటా గురించి మూడు రోజులు చెప్పాడు. అందులో ముఖ్యమైనది పొద్దుటి పరీక్ష. గది పక్కన చిన్న అరుగు మీద ఇరవై కిలోల ఇనప దిమ్మలు పది ఉంటాయి. ఒక్కోదాని మీద ప్రభుత్వ ముద్ర ఉంటుంది. పొద్దున్నే ఆరింటికి, మొదటి లారీ రాకముందే, ఆ పదింటినీ కాటా పలక మీద నాలుగు మూలలా మార్చి మార్చి పెట్టాలి. నాలుగు మూలలా రెండువందలే చూపిస్తే పరీక్ష పుస్తకంలో ఆ అంకెలు రాసి, పక్కన "సరిగా ఉంది" అని రాసి సంతకం పెట్టాలి. అప్పుడే కాఫీ తాగాలి. ఇరవై రెండేళ్లలో గ్రాములాయన కాఫీ ముందు తాగిన రోజు లేదు. కూతురు పుట్టిన రోజున కూడా దిమ్మలు పెట్టి, అంకెలు రాసి, ఆ తరవాతే ఆస్పత్రికి పరిగెత్తాడు. ఆ సంగతి భార్య ఈనాటికీ నెలకోసారైనా ఎత్తిపొడుస్తుంది.

ఇంతవరకూ చూస్తే చిన్న ఉద్యోగం, చిన్న మనిషి. కానీ ఆ కాటా ఉన్న చోటు చిన్నది కాదు. ఓడరేవు నుంచి కొండల మీదుగా సరిహద్దుకు పోయే రోడ్డు ఆ దేశంలో ఒక్కటే. కాటా దాటి రెండు మైళ్లు పోతే పాత వంతెన. కాటా చీటీ లేని లారీ వంతెన ఎక్కకూడదని చట్టం. సరిహద్దుకు అవతల, వేరే దేశంలో, పెద్ద దేశం ఒకటి ఏళ్ల తరబడి యుద్ధం చేస్తోంది. ఆ పెద్ద దేశం ఈ చిన్న దేశానికి స్నేహదేశం. దాని సైనికులు తినే తిండి, వేసుకునే బూట్లు, బళ్లలో పోసుకునే డీజిలు అంతా రోజుకు మూడు వందల లారీల్లో గ్రాములాయన కిటికీ ముందు నుంచే పోవాలి. స్నేహదేశం ఏటేటా బోలెడు సాయం చేస్తుంది. సాయం ఎందుకు చేస్తుందో, ఆ రోడ్డు ఎటు పోతుందో తెలిసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద అని లోకం అనుకుంటుంది. ఇచ్చేవాడు పుచ్చుకునేవాడి వాకిట్లోంచి నడవాల్సి వస్తే మాత్రం లెక్క వేరు. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడంటారు. పట్టుకుంటున్నాడని ఆ గాడిదకు తెలిస్తే ఊరుకునేదా? ఆ చిన్న దేశపు పెద్దలకు తెలిసింది. సాయం తగ్గుతుందని అనుమానం వచ్చినప్పుడల్లా, పెంచాలని బుద్ధి పుట్టినప్పుడల్లా, రోడ్డు ఆగేది. "మూసేస్తున్నాం" అని ఎవరూ అనరు. అంటే స్నేహం చెడుతుంది. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు. అందుకని కాటాకు నలత చేసేది.

మొదటిసారి ఆ మాట చెప్పడానికి సూపరింటెండెంటు జీపులో వచ్చాడు. జీపు దిగలేదు.

"ఏమయ్యా, కాటాకి ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉందండి."

"నాకెందుకో నలతగా ఉన్నట్టు అనిపిస్తోంది."

గ్రాములాయన కంగారుపడి కాటా కింది గోతిలోకి దిగి, అరగంట సేపు నాలుగు మూలలూ తడిమి, ఒళ్లంతా గ్రీజు పూసుకుని పైకొచ్చాడు. "ఏం లేదండి, గుండ్రాయిలా ఉంది" అన్నాడు. సూపరింటెండెంటు తల పట్టుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. పై నుంచి మాట వచ్చింది. కాటా చెడిపోవాలి. బాగుపడమని మళ్లీ మాట వచ్చేదాకా బాగుపడకూడదు. మరమ్మతు పుస్తకంలో "కాటా పనిచేయడం లేదు, లారీలు ఆపడమైనది" అని గ్రాములాయనే రాసి సంతకం పెట్టాలి. పై వాళ్ల సంతకం గానీ, ఆర్డరు కాగితం గానీ ఉండదు.

ఆ సారి రెండు రోజులు ఆపారు. బడులకు రేకుల కప్పులు వచ్చాయి. తరవాత ఇంకోసారి నాలుగు రోజులు ఆపారు. జిల్లా ఊళ్లో పెద్ద ఆస్పత్రి లేచింది. గ్రాములాయన కూతురు ఇప్పుడు అందులోనే నర్సు చదువు చదువుతోంది. "మీ కాటాకి జ్వరమొస్తే ఆస్పత్రులు కట్టిస్తారు, మీకు జ్వరమొస్తే సెలవు కూడా ఇవ్వరు" అని భార్య నవ్వేది. ఆయనా నవ్వేవాడు. లోపల ఎక్కడో కాస్త గర్వం కూడా ఉండేది. ఇంత పెద్ద దేశం మెడ తిప్పడానికి నా సంతకం కావాల్సి వచ్చిందే అనుకునేవాడు. గేటాయన్ని తీసుకెళ్లేదాకా ఆ గర్వం ఉంది.

గేటాయనంటే వంతెన దగ్గర గేటు ఎత్తేవాడు. పక్క క్వార్టరే. రెండేళ్ల కిందట పెద్దలకు ఏం తోచిందో, కాటాను వదిలేసి గేటును పట్టుకున్నారు. గేటు గొలుసు తెగిందని మూడు రోజులు లారీలు ఆపారు. లైనులో ఉన్న ఎవడో గొలుసుకు ఫోటో తీశాడు. నిక్షేపంలా ఉన్న గొలుసు. ఆ ఫోటో స్నేహదేశం పత్రికల్లో పడింది. ఇంకేముంది, ప్రభుత్వం ముక్కు మీద వేలేసుకుంది. ఎవరో కింది ఉద్యోగి సొంత తెలివి అంది. ఒక మధ్యాహ్నం ఇద్దరు వచ్చి, "ఒక్క మాట అడిగి పంపించేస్తాం" అని గేటాయన్ని తీసుకెళ్లారు. ఆ ఒక్క మాట ఇంకా అడుగుతూనే ఉన్నారు. గేటాయన భార్య ప్రతి సోమవారం ఉతికిన చొక్కా ఒకటి సంచిలో పెట్టుకుని నగరానికి బస్సెక్కుతుంది. సాయంత్రానికి అదే చొక్కాతో తిరిగొస్తుంది. ఆమె క్వార్టరు కూడా పోయింది, ఇప్పుడు రోడ్డవతల రేకుల గదిలో ఉంటోంది. ఆమె బస్సు దిగే వేళకు గ్రాములాయన కిటికీ తలుపు దగ్గరకు వేసుకునేవాడు. పిరికితనమే. దాన్ని ఆయన కూడా ఇంకో పేరుతో పిలవలేదు.

ఈసారి నలత తొమ్మిది రోజులు సాగింది. సాయం సగానికి కోస్తామని స్నేహదేశం అంది, ఇచ్చిన డబ్బు ఎటు పోతోందని కూడా అడిగింది. అడగకూడని మాట అడిగితే కాటా ఊరుకుంటుందా? లారీల లైను పదకొండు మైళ్లు సాగింది. డ్రైవర్లు లారీల కింద పడుకున్నారు, గ్రాములాయన కిటికీ కిందకొచ్చి తిట్టారు, ఒకాయన రాయి విసిరాడు. అవతల సైనికుల బళ్లు డీజిలు లేక ఎక్కడివక్కడ ఆగాయని రేడియో చెప్పింది. తొమ్మిదో రోజున ఇరు దేశాల పెద్దలూ చేతులు కలుపుకున్నారు. సాయం సగం కాలేదు సరికదా, పావు వంతు పెరిగింది. కాటా లేచి కూర్చుంది.

ఆ తరవాత నాలుగో రోజున సూపరింటెండెంటు వచ్చాడు. జీపు దిగి, గదిలోకొచ్చి, కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కుర్చీలో కూర్చోవడం గ్రాములాయన ఎన్నడూ చూడలేదు.

"రేపు పదింటికి వాళ్ల ఇంజనీరు వస్తున్నాడు, కాటా చూడ్డానికి" అన్నాడు సూపరింటెండెంటు. "నిజంగానే చెడిపోయిందా లేదా అని వాళ్ల సభలో ఎవరో అడిగారట. మా దగ్గర దాపరికం ఏముంది, వచ్చి చూసుకోండి అని మనవాళ్లు అనేశారు."

"చూస్తే ఏం కనిపిస్తుందండీ? బాగానే ఉంది కదా."

"ఇప్పుడు బాగానే ఉంటుంది. బాగుచేశాం కాబట్టి. మరమ్మతు పుస్తకంలో తొమ్మిది రోజులూ రాశావుగా?"

"రాశానండి."

"ఇంక భయం దేనికి? అది చూపించు, నోరు విప్పకు" అని లేచి, జీపెక్కి వెళ్లిపోయాడు.

గ్రాములాయన మరమ్మతు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. దాని కింద పరీక్ష పుస్తకం ఉంది. పనేమీ లేక దాన్ని తెరిచాడు. కాటా చచ్చిందని మరమ్మతు పుస్తకంలో రాసిన తొమ్మిది రోజులకూ పరీక్ష పుస్తకంలో తొమ్మిది వరసలున్నాయి. నాలుగు మూలలా రెండువందలు, రెండువందలు, రెండువందలు, రెండువందలు. పక్కన ఆయన గుండ్రటి రాత, "సరిగా ఉంది." కింద ఆయన సంతకం.

ఎప్పుడు రాశాడు? రోజూ రాశాడు. ఆరింటికి లేచాడు, దిమ్మలు పెట్టాడు, అంకెలు చూశాడు, రాశాడు, కాఫీ తాగాడు. ఆ తరవాత గదిలోకొచ్చి "కాటా పనిచేయడం లేదు" అని రాశాడు. రెండూ ఒకే కలంతో రాశాడు. దొంగతనం చేసొచ్చి, ఆ సంగతి డైరీలో రాసుకున్నవాడు లోకంలో ఇంకెవడైనా ఉంటాడా? పోనీ ఆ కాగితాలు చింపేద్దామంటే ప్రతి పేజీకీ అచ్చు నంబరు ఉంది, తూనికల శాఖ ముద్ర ఉంది, దారంతో కుట్టి ఉంది. ఒక్క పేజీ పోతే పుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

చొక్కా లోపల పుస్తకం దాచుకుని ఇంటికి వెళ్లాడు. భార్య పప్పులో రాళ్లు ఏరుతోంది. ఆయన ముఖం చూసి చాట పక్కన పెట్టింది. ఆయన ఏం చెప్పకుండా పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. ఆమె పాత కాటా ఆయన కూతురు, ఆ క్వార్టర్లోనే పుట్టింది, ఆ అంకెలు చదవడం ఆమెకు బళ్లో అక్షరాలకన్నా ముందే వచ్చు. తొమ్మిది వరసల మీదా వేలు పెట్టి చదివింది.

"మీకు మతి ఉందా?" అంది.

"అలవాటే."

"తొమ్మిది రోజుల్లో ఒక్క రోజైనా గుర్తు రాలేదా?"

"అంకె తప్పుంటే గుర్తొచ్చేదేమో. ఒక్కరోజు కూడా తప్పలేదు."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "పొయ్యిలో పెట్టేస్తాను. పోయిందని చెప్పండి" అంది. పుస్తకం పోగొట్టినవాడికీ జైలేనని ఆయన అన్నాడు. "పోనీ అసలు అలాంటి పుస్తకమే లేదనండి" అంది. ఆమె పుస్తకం చేతిలోకి తీసుకుని, ఈ అలవాటు నాన్న నేర్పిందే కదా అని గొణుక్కుని, మళ్లీ కింద పెట్టేసింది.

"నేను ప్రతి సోమవారం బస్సెక్కలేనండీ" అంది ఆఖరికి. "ఆవిడలా నాకు చేతకాదు."

కూతురి చదువు, ఈ ఇల్లు, ఈమె, అన్నీ ఆ తొమ్మిది వరసల కింద పడి ఉన్నాయని అప్పుడు ఆయనకు తెలిసింది. భయం ఎలా ఉంటుందో రాయి విసిరినప్పుడు తెలిసిందనుకున్నాడు. అప్పుడు తెలిసింది ఏపాటిది?

ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంటు ఆఫీసుకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సూపరింటెండెంటు పుస్తకం చూశాడు. తలుపు గడియ పెట్టొచ్చాడు. తిడతాడేమో అనుకున్నాడు గ్రాములాయన. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈ పుస్తకం నేను చూళ్లేదు" అన్నాడు సూపరింటెండెంటు నెమ్మదిగా. "నువ్వివాళ ఇక్కడికి రాలేదు. రేపు వాడు అడక్కపోతే నీ అదృష్టం. అడిగితే, ఆ అలవాటే మాకు లేదను. అప్పటికీ బయటపడితే అది నీ పుస్తకం, నీ రాత. నాకూ పిల్లలున్నారయ్యా."

చెప్పేవాడికీ భయమే, వినేవాడికీ భయమే. ఆ భయాలు రెండూ ఒక చోట కూర్చున్నా ఒకదానికొకటి ఆసరా కాలేదు.

మర్నాడు పదింటికి మూడు బళ్లు వచ్చాయి. ఇంజనీరు పొడుగాటి మనిషి, యాభై దాటినవాడు. వెంట ఆయన మాటను ఇక్కడి భాషలోకి మార్చి చెప్పే అమ్మాయి ఉంది, ఆమె ఈ దేశపు పిల్లే. ఇటువైపు నుంచి సూపరింటెండెంటు, నగరం నుంచి వచ్చిన ఇద్దరు నల్లకళ్లద్దాలవాళ్లు ఉన్నారు. వాళ్లెవరో ఎవరూ చెప్పలేదు, గ్రాములాయన అడగలేదు. పరీక్ష పుస్తకం ఆయన కూర్చున్న కుర్చీ మీది మెత్త కింద ఉంది. ఇంకెక్కడ దాచాలన్నా నమ్మకం చాలక, దాని మీదే కూర్చున్నాడు.

పొడుగాయన వచ్చీ రాగానే కోటు విప్పి గోతిలోకి దిగాడు. ఆ దిగడం చూస్తేనే గ్రాములాయనకు అర్థమైంది, వీడు కాగితాల ఇంజనీరు కాదు, చేతులకు గ్రీజు అంటినవాడు. పావుగంట తరవాత పైకొచ్చి, మరమ్మతు పుస్తకం తిరగేశాడు. తల ఊపాడు. అయిపోయిందనుకున్నారు అందరూ. పొడుగాయన బయట అరుగు మీది దిమ్మల దగ్గరకు నడిచి, వంగి, ఒకదాని పిడిని బొటనవేలితో రుద్దాడు. తిరిగొచ్చి ఏదో అడిగాడు.

"దిమ్మలకు దుమ్ము పట్టింది గానీ పిడులు మెరుస్తున్నాయి, వాటిని రోజూ ఎత్తేదెవరు అని అడుగుతున్నారు" అంది అమ్మాయి.

పెద్దవాళ్లు ఏదైనా అడిగితే లేచి నిలబడి జవాబు చెప్పాలని చిన్నప్పుడు బళ్లో నేర్పారు. గ్రాములాయన లేచి నిలబడి "నేనేనండి" అన్నాడు. లేచిన తరవాత గుర్తొచ్చింది. మెత్త పక్కకు జారింది. పుస్తకం మూల అందరికీ కనిపించింది.

సూపరింటెండెంటు కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు, అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయినా. పొడుగాయన పుస్తకం తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. అంకెలకు భాష అక్కర్లేదు, తేదీలకూ అక్కర్లేదు. తొమ్మిది వరసల దగ్గరకొచ్చి ఆగాడు. పక్కనున్న మాట మీద వేలు పెట్టాడు. అమ్మాయి వంగి చదివి, ఒక్క క్షణం గ్రాములాయన వంక చూసి, నెమ్మదిగా చెప్పింది. పొడుగాయన కళ్లెత్తాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే గ్రాములాయన తట్టుకునేవాడు. ఒక పనివాణ్ణి ఇంకో పనివాడు గుర్తుపట్టిన చూపు అది. సోమవారం బస్సు ఎన్నింటికో ఆ క్షణంలో ఎందుకు గుర్తొచ్చిందో గ్రాములాయనకే తెలీదు.

పొడుగాయన పుస్తకం మూసి, తన సంచిలో పెట్టుకుని, తన కాగితం మీద ఏదో రాసి, సూపరింటెండెంటు చేతికిచ్చాడు. అమ్మాయి చదివి వినిపించింది. కాటా పాతది. తొమ్మిది రోజుల లోపం నిజమైనదే. ఇలాంటిది మళ్లీ జరగకుండా స్నేహదేశం కొత్త కాటా ఒకటి సాయంగా ఇవ్వడం మంచిది.

నల్లకళ్లద్దాలవాళ్లు నవ్వుతూ చేతులు కలిపారు. గ్రాములాయనకు ఏమీ అర్థం కాలేదు. బళ్ల దాకా సాగనంపడానికి వెళ్లినప్పుడు అమ్మాయి రెండడుగులు వెనకబడింది.

"ఆయన అంతా చూశారు బాబాయ్ గారూ" అంది పెదాలు కదపకుండా. "కావాలని ఆపారని రాస్తే వాళ్ల చట్టం ప్రకారం సాయం ఆపెయ్యాలట. సాయం ఆగితే ఈ రోడ్డు మూతపడి మళ్లీ తెరుచుకోదు. వాళ్ల సైనికులకు తిండి పోదు. మీ కాటా చెడిపోయి ఉండటం మనవాళ్లకన్నా వాళ్లకే ఎక్కువ అవసరం."

"మరి పుస్తకం ఎందుకమ్మా పట్టుకెళ్తున్నారు?"

"ఎప్పుడైనా అవసరం పడుతుందని" అంది, గబగబా బండెక్కేసింది.

గ్రాములాయన రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చుండిపోయాడు. జైలు తప్పింది. ప్రాణం కుదుటపడాలి. పడలేదు. ఇంత పెద్ద దేశం ఈ చిన్న దేశం ముందు చూసీ చూడనట్టు ఊరుకోవాల్సి వచ్చింది, అదీ అవసరమంటే. అవసరం ఉన్నన్నాళ్లే ఆ పుస్తకం సంచిలో ఉంటుంది. తీరిన రోజున బయటికొస్తుంది. వచ్చినప్పుడు అందులో ఉండేది దేశం పేరు కాదు, మంత్రి పేరూ కాదు.

అది తట్టింది ఆయనొక్కడికే కాదు. ఇంజనీరు బళ్లు వెళ్లిపోయిన గంటకు సూపరింటెండెంటు తన ఆఫీసు గదిలోకి పిలిచాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది.

"సంతకం చెయ్యి."

గ్రాములాయన చదివాడు. కాటాను పరీక్షించకుండానే, బద్ధకం వల్ల, ఇంట్లో కూర్చుని, పరీక్ష పుస్తకంలో "సరిగా ఉంది" అని అబద్ధం రాశానని ఉంది. ఇన్ని రోజులు అన్నచోట ఖాళీ. కింద తేదీ దగ్గర ఖాళీ.

"నేను పరీక్షించకుండా ఎన్నడూ రాయలేదండి" అన్నాడు. "ఇరవై రెండేళ్లలో ఒక్క రోజు కూడా..."

"తెలుసయ్యా. అదే మన కొంప ముంచింది."

"ఎన్ని రోజులో వెయ్యలేదండి. తేదీ లేదు."

"ఆ పుస్తకం బయటికొచ్చి అవసరమైనప్పుడు నేను వేసుకుంటాను. ఇది నా సొరుగులో ఉంటుంది. ఉద్యోగం ఉంటుంది, ఇల్లుంటుంది, అమ్మాయి చదువుకుంటుంది. కొత్త కాటా వచ్చినా నువ్వే చూసుకుంటావు. నీలాంటి పనివాణ్ణి పోగొట్టుకుంటామా?"

ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు. నల్లకళ్లద్దాల వాళ్లలో ఒకడు గుమ్మంలో నిలబడి పళ్లు కుట్టుకుంటున్నాడు. గ్రాములాయన సంతకం చేశాడు. పుస్తకం అటు, కాగితం ఇటు, మధ్యన అడకత్తెరలో పోకచెక్కలా తను.

ఇంటికి వెళ్తే భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమన్నారు?" అంది.

"ఉద్యోగం ఉంటుందన్నారు."

ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. తెరిచి ఆయన ముఖం చూసింది. "మరెందుకలా ఉన్నారు?"

"ఇద్దరికీ నేను కావాలట" అన్నాడు. ఆమెకు ఆ మాట అర్థమయ్యేసరికి సాయంత్రమైంది. అర్థమయ్యాక ఇంకేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి గ్రాములాయన లేచాడు. బల్ల మీద కొత్త పరీక్ష పుస్తకం ఉంది, నిన్న సాయంత్రమే పంపించారు. దిమ్మలు ఒక్కోటి ఎత్తి మూలమూలకూ పెట్టాడు. రెండువందలు, నాలుగు మూలలా. గదిలోకొచ్చి మొదటి పేజీ తెరిచి, తేదీ వేసి, అంకెలు రాశాడు. పక్కన మాట రాయబోయి ఆగాడు. కలం సిరా కాగితం మీద చుక్కగా పాకింది. మొదటి లారీ వచ్చి కాటా ముందు నిలబడింది. దాని వెనక రెండోది, మూడోది. ఆయన ఫోను తీసి సూపరింటెండెంటు ఇంటికి చేశాడు.

"అయ్యా, నేనండి. ఇవాళ కాటా సరిగానే ఉంది. రాయమంటారా?"

అవతల తలుపు గడియ పెట్టిన చప్పుడైంది.

"ఆగు" అన్నాడు సూపరింటెండెంటు. "కనుక్కుని చెప్తాను."